మందగించిన ఫోను: కొత్తది కొనే ముందు చూడవలసినవి

ఇంటిపట్టీ, నీటిపట్టీ కట్టడం మొదలుకొని పింఛనుదారులు జీవన ప్రమాణపత్రం దాఖలు చేయడం వరకు ఎన్నో పనులు నేడు చేతిలోని ఫోను ద్వారానే సాగుతున్నాయి. మన షోలాపూర్‌లో బీడీ కార్ఖానాకు జీవితమంతా పనిచేసి విరమించిన స్త్రీలకు భవిష్యనిధి సంస్థ నుంచి పింఛను వస్తుంది. 2014లో నిర్ణయించిన దాని కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలు. అది ఆగకుండా ఉండాలంటే ఏడాదికొకసారి తాము జీవించి ఉన్నట్లు రుజువు ఇవ్వాలి. ముఖాన్ని కెమెరాకు చూపి ఇంటి నుంచే ఆ రుజువు ఇచ్చే సదుపాయం ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. కాని ముఖం చూపే వేళకు తెర బిగుసుకుపోతే, లేదా ఓటీపీ వచ్చిన సందేశం తెరుచుకునేలోగా దాని గడువు తీరిపోతే, ఆ సదుపాయం ఉండీ లేనట్టే.

ఇటువంటి ఫోనును దుకాణానికి తీసుకువెళితే సాధారణంగా వినవచ్చే మాట ఒకటే: "పాతదైపోయింది, మార్చేయండి." వాయిదాల మీద కొత్త ఫోను ఇంటికి వస్తుంది, దానితోపాటు నెలనెలా ఒక బాకీ కూడా వస్తుంది. నిజానికి రెండు మూడేళ్ల ఫోను మందగించడానికి వయసు కారణం కావడం కంటే కడుపు నిండిపోవడం కారణం కావడమే ఎక్కువ. నిండినదాన్ని ఖాళీ చేయడానికి రూపాయి ఖర్చు లేదు, ఒక సాయంత్రం చాలు. అయితే ఏది తీయాలో, ఏది తీయకూడదో తెలిసి తీయాలి. ఈ పాఠం ఆ ఎరుక కోసమే.

మెమరీ అనే ఒక మాట, రెండు వస్తువులు

మన వాడుకలో 'మెమరీ' అనే ఒకే మాట రెండు వేర్వేరు వస్తువులకు చెల్లుతోంది. అనువాదకుడిగా నాకు ఈ మాట తరచు చిక్కు తెచ్చిపెడుతుంది. ఫోను వాడేవారికి అది డబ్బు నష్టమే తెచ్చిపెడుతుంది. "మెమరీ ఫుల్" అని ఫోను చెబితే కొందరు మెమరీ కార్డు కొని వేస్తారు, వేగం పెరగదు. ఎందుకు పెరగలేదో వారికి తోచదు.

పవర్‌లూమ్ కార్ఖానాను ఒకసారి తలచుకోండి. మగ్గాలు నడిచే చోటు వేరు. నేసిన చద్దర్లు, టవళ్లు దొంతర్లుగా పెట్టే గోదాము వేరు. ఫోనులో పని జరిగే చోటు ర్యామ్. ఈ క్షణాన తెర మీద నడుస్తున్న యాప్, దాని వెనుక సిద్ధంగా నిలిచిన మరికొన్ని యాప్‌లు అక్కడ ఉంటాయి. ఫోను ఆపితే ర్యామ్ ఖాళీ అవుతుంది. ఫొటోలు, వీడియోలు, యాప్‌లు, ఆండ్రాయిడ్ వ్యవస్థ అన్నీ శాశ్వతంగా ఉండే గోదాము పేరు స్టోరేజ్, అంటే నిల్వ. ఫోను డబ్బా మీద "3 జీబీ, 32 జీబీ" అని రెండు అంకెలు ఉంటే, చిన్నది ర్యామ్, పెద్దది నిల్వ.

గోదాము నిండితే మగ్గం ఎందుకు నెమ్మదిస్తుంది? ఫోనులోని నిల్వ ఫ్లాష్ అనే జాతికి చెందినది. పలక మీది అక్షరాన్ని చెరిపి అక్కడే మరో అక్షరం రాసినట్టు దీని మీద రాయడం కుదరదు. చెరపవలసి వస్తే పెద్ద గడి మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. ఆ గడిలో పనికివచ్చేది ఏమైనా ఉంటే ముందుగా దాన్ని మరోచోటికి మోయాలి. ఖాళీ సమృద్ధిగా ఉన్నప్పుడు ఈ సర్దుబాటు మన కంటికి కనబడకుండా, ఎక్కువగా ఫోను చార్జింగ్‌లో ఉండి మనం వాడని వేళల్లో, జరిగిపోతుంది. ఖాళీ లేనప్పుడు ఒక్క ఫొటో దాచడానికి కూడా అప్పటికప్పుడు నాలుగు మూటలు జరపవలసి వస్తుంది. ఆ జరపడమే మనకు నిదానంగా కనబడుతుంది. నిల్వలో ఖాళీ 10 శాతం కంటే తగ్గితే ఇబ్బందులు మొదలుకావచ్చునని గూగుల్ సంస్థ తన సహాయ పత్రాలలో చెబుతోంది. 32 జీబీ ఫోనులో అది సుమారు 3 జీబీ. ఇది అతి తక్కువ హద్దు. 6 జీబీ ఖాళీ ఉంచుకోగలిగితే మేలని నా అభిప్రాయం.

ముందు నిదానం ఎక్కడో తేల్చుకోవాలి

రోగం తెలియకుండా మందు వేయకూడదు. నెట్ ఆపి గ్యాలరీ, ఫోన్‌బుక్, కెమెరా తెరిచి చూడండి. అవి చురుగ్గా తెరుచుకుని, నెట్ పెట్టాక మాత్రమే పనులు నిలిచిపోతుంటే లోపం సిగ్నల్‌ది. ఫోనును ఎంత శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు. నెట్ లేకున్నా అవి నత్తనడక నడిస్తే లోపం ఫోనులోనే ఉంది.

మన ఊరి వేసవి సంగతి వేరే చెప్పనవసరం లేదు. ఫోను వేడెక్కినప్పుడు తన ప్రాసెసర్ వేగాన్ని అది తానే తగ్గించుకుంటుంది; లేకపోతే లోపలి భాగాలు చెడిపోతాయి. రేకుల షెడ్డు కింద చార్జింగ్ పెట్టి, ఆ తీగ ఉండగానే వీడియో చూస్తే ఏ ఫోనైనా మందగిస్తుంది. చల్లారనిచ్చి చూడండి. ఫోను వెనుక భాగం ఉబ్బి, తెర అంచు లేచినట్టు కనిపిస్తే అది నిదానం సమస్య కాదు, బ్యాటరీ ప్రమాదం. వెంటనే వాడకం ఆపి, చార్జింగ్ పెట్టకుండా సర్వీస్ కేంద్రానికి ఇవ్వాలి.

వారాల తరబడి ఆపకుండా నడిచిన ఫోనును ఒకసారి రీస్టార్ట్ చేయడం కూడా మందే. తీసుకున్న ర్యామ్‌ను తిరిగి ఇవ్వని యాప్‌లు కొన్ని ఉంటాయి. రీస్టార్ట్ వాటి పట్టు విడిపిస్తుంది.

ఒక ఇంటి ఫోను లెక్క

లెక్క స్పష్టం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. తల్లి బీడీలు చుడుతుంది, కొడుకు టవళ్లు నేస్తాడు, కూతురు కాలేజీలో చదువుతోంది. ముగ్గురికీ 32 జీబీల ఫోను ఒక్కటే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్టోరేజ్ అన్న చోట చూస్తే ఆండ్రాయిడ్ వ్యవస్థకు 12, యాప్‌లకు 7, వాట్సాప్‌కు 9, సొంత ఫొటోలకు 3 జీబీలు పోయి, మిగిలింది ఒక్కటి. వ్యవస్థ వాటాను మనం తాకలేము. సొంత ఫొటోలు తీయమంటే మనసు ఒప్పదు, ఒప్పనవసరం కూడా లేదు. చేయి వేయవలసినది ఆ తొమ్మిది మీద.

వాట్సాప్‌లోని తొమ్మిది జీబీలలో మాటలు చాలా కొద్ది. అక్షరాలకు చోటు పట్టదు. మిగిలినదంతా గ్రూపుల నుంచి వచ్చి పడిన సుప్రభాతం బొమ్మలు, భజన వీడియోలు, హైదరాబాదులోనో కరీంనగర్‌లోనో జరిగిన బంధువుల పెళ్లి వీడియోలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' అన్న భాగం ఉంది. అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే, 5 ఎంబీ కంటే పెద్దవన్నీ ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవన్నీ మరొకచోట, ఆ కింద ఏ గ్రూపు ఎంత చోటు తిన్నదో వరుసగా కనిపిస్తాయి. మొదట ఫార్వర్డ్ అయినవాటిని తీయండి. వాటిలో మన ఇంటివి ఉండే అవకాశం తక్కువ. తరువాత పెద్ద వీడియోలను ఒక్కొక్కటిగా చూసి తీయండి. ఇలా తీస్తే బొమ్మలు, వీడియోలు మాత్రమే పోతాయి. సంభాషణలోని మాటలు అలాగే ఉంటాయి.

చాలామంది గమనించని విషయం మరొకటి ఉంది. మనం కెమెరాతో తీసి వాట్సాప్‌లో పంపిన వీడియో ఫోనులో రెండుచోట్ల ఉంటుంది: కెమెరా తీసిన అసలు ఒకటి, పంపినప్పుడు వాట్సాప్ తన దగ్గర ఉంచుకున్న ప్రతి మరొకటి. రెండవది తీసివేసినా అసలుకు నష్టం లేదు.

తిరిగి నిండకుండా ఉండాలంటే, అదే భాగంలో ఉన్న 'మీడియా ఆటో డౌన్‌లోడ్'లో మొబైల్ డేటాకు, వైఫైకి విడివిడిగా ఉన్న గుర్తులన్నీ తొలగించాలి. అప్పుడు మనం తాకినదే దిగుతుంది. 'మీడియా విజిబిలిటీ' అనే మరో మీట కూడా ఉంది. అది గ్యాలరీలో కనబడకుండా దాస్తుందే గాని చోటు మిగల్చదు; ఈ రెండింటినీ ఒకటిగా భావించి కొందరు నిరాశ చెందుతుంటారు.

సొంత ఫొటోల విషయంలో తొందర వద్దు. గతించిన పెద్దల చిత్రాలు, పిల్లల తొలి అడుగుల వీడియోలు ఫోనులో ఒక్కచోటే ఉండటం అసలు మంచిది కాదు. ఫోను పోతే అవీ పోతాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ పూర్తయిందని చూసుకున్న తరువాతనే 'ఫ్రీ అప్ స్పేస్' వాడాలి. అది ఫోనులోని ప్రతిని తీసి, గూగుల్ ఖాతాలోని ప్రతిని ఉంచుతుంది. ఆ ఖాతాలో ఉచితంగా దొరికేది 15 జీబీలు. 2021 జూన్ 1 తరువాత ఎక్కించిన ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మెయిల్, వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే. ఇక్కడ ఒక పొరపాటుకు తావుంది: "ఎలాగూ నెట్‌లో ఉన్నాయి కదా" అని అదే యాప్‌లో ఫొటోను ఎంచుకుని డిలీట్ నొక్కితే ఖాతాలోనిది కూడా పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది. ఆలోపు తిరిగి తీసుకోవచ్చు.

నెట్ మీద దాచడం ఇష్టం లేనివారికి ఫోనుకే నేరుగా గుచ్చే ఓటీజీ పెన్‌డ్రైవ్ ఉంది. కంప్యూటర్ లేని ఇంటికి ఇదే నాకు ఎక్కువ నచ్చే మార్గం. పెన్‌డ్రైవ్ కూడా చెడిపోయే వస్తువే కనుక ముఖ్యమైనవి రెండింటిలో ఉంచాలి. ప్రతి చేసినవి తెరుచుకుంటున్నాయో లేదో చూసిన తరువాతనే ఫోనులోనివి తీయాలి.

'డౌన్‌లోడ్స్' సంచి కూడా ఒకసారి విప్పి చూడండి. ఒకే ఆధార్ పత్రం పది ప్రతులుగా, ఎప్పుడో దింపిన దరఖాస్తులు, కరెంటు బిల్లులు అందులో ఉంటాయి. చోటు సంగతి అటుంచి, గుర్తింపు పత్రాలు అలా పడి ఉండటం క్షేమం కాదు. డిజిలాకర్‌లో ఉంటే అవసరమైనప్పుడు తీసుకోవచ్చు.

రెండు మీటల తేడా

సెట్టింగ్స్‌లో ఏదైనా యాప్ తెరిచి స్టోరేజ్ చూస్తే రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి: 'క్లియర్ కాష్', 'క్లియర్ స్టోరేజ్'. కొన్ని ఫోన్లలో రెండవది 'క్లియర్ డేటా' అని ఉంటుంది. కాష్ అంటే యాప్ తన సౌలభ్యం కోసం పోగుచేసుకున్న తాత్కాలిక సామగ్రి. అది తీసినా మళ్లీ తెచ్చుకుంటుంది. అందుకే కాష్ తీయడం వల్ల వచ్చే లాభం కూడా తాత్కాలికమే. ఒక యాప్ మాత్రమే పెంకితనం చేస్తున్నప్పుడు అది పనికివస్తుంది. రెండవ మీట సంగతి వేరు. అది యాప్‌ను కొత్తగా వేసినప్పటి స్థితికి తీసుకువెళుతుంది. వాట్సాప్ మీద దాన్ని నొక్కితే, బ్యాకప్ లేని పక్షంలో సంభాషణలన్నీ పోతాయి. చెల్లింపు యాప్ మీద నొక్కితే మళ్లీ నమోదు చేసుకోవాలి. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలరంటే ఈ తేడానే గుర్తుంచుకోండి.

వాడని యాప్‌లను నిస్సంకోచంగా తొలగించవచ్చు. ఫోనుతోపాటే వచ్చినవి కొన్ని తొలగవు. వాటిలో అక్కరలేనివాటికి 'డిజేబుల్' అనే మీట ఉంటుంది. పేరు తెలియని వ్యవస్థ యాప్‌ల జోలికి పోవద్దు.

శుభ్రం చేస్తామనే యాప్‌లు

"మీ ఫోనులో 28 వైరస్‌లు ఉన్నాయి, ఇక్కడ నొక్కండి" అని తెర మీద ఎర్రగా వచ్చే హెచ్చరిక ప్రకటన మాత్రమే. వేగం పెంచుతామని వచ్చే క్లీనర్, బూస్టర్ యాప్‌లు చేసే పని ఎక్కువగా ఒకటే: వెనుక నిలిచి ఉన్న యాప్‌లను మూసివేయడం. ఆండ్రాయిడ్ వాటిని కావాలనే అక్కడ నిలిపి ఉంచుతుంది; మళ్లీ పిలిస్తే వెంటనే రావడానికి. ర్యామ్ చాలకపోతే అది తానే వాటిని దింపుకుంటుంది. బలవంతంగా మూస్తే అవి తిరిగి మొదటి నుంచి లేవాలి, దానికి బ్యాటరీ, సమయం రెండూ ఎక్కువ ఖర్చు. వేలితో ఒక్కొక్క యాప్‌ను పైకి తోసి మూసే అలవాటుకు కూడా ఇదే సమాధానం: బిగుసుకుపోయినదాన్ని మూయండి, మిగిలినవాటిని ఉండనివ్వండి. పైగా ఆ క్లీనర్ యాప్ తానే ర్యామ్‌లో కూర్చుని, ప్రకటనలు చూపుతుంది. ఫైళ్లను సర్దడానికి గూగుల్ వారి 'ఫైల్స్' యాప్ చాలు; అది చాలా ఫోన్లలో ముందుగానే ఉంటుంది.

ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చే ఏపీకే ఫైళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త మరింత అవసరం. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ అనే పేర్లతో ఇవి వాట్సాప్‌లో వస్తున్నాయి. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకేగా రాదు. అటువంటి యాప్ లోపలికి వస్తే మన సందేశాలు, అందులోని ఓటీపీలు చదవగలదు. "ఫోను బాగుచేస్తాం" అంటూ ఫోన్ చేసి, తెర చూపించే యాప్ వేయించేవారు కూడా ఇదే కోవ. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బును ఆపే అవకాశం తగ్గుతుంది.

ఏదో యాప్ వేసిన నాటి నుంచే ఫోను మందగించిందనో, ఏమీ తెరవకపోయినా ప్రకటనలు వస్తున్నాయనో అనుమానం ఉంటే సేఫ్ మోడ్ ఆ అనుమానం తీరుస్తుంది. చాలా ఫోన్లలో పవర్ మీట నొక్కి, తెర మీద కనిపించే 'పవర్ ఆఫ్' మీద వేలు కొంతసేపు అదిమి ఉంచితే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలా అని అడుగుతుంది. ఆ స్థితిలో మనం వేసుకున్న యాప్‌లు నడవవు. అప్పుడు ఫోను చురుగ్గా ఉంటే దోషం వాటిలో ఒకదానిదే. మామూలుగా రీస్టార్ట్ చేసి, ఇటీవల వేసినవాటిని ఒక్కొక్కటిగా తొలగిస్తూ చూడాలి. ప్లే స్టోర్‌లోని 'ప్లే ప్రొటెక్ట్' చేత ఒకసారి పరీక్ష చేయించడం కూడా మంచిదే.

ఖాళీ చేసినా వేగం రాకపోతే

నిల్వ ఖాళీ అయినా యాప్‌ల మధ్య మారేటప్పుడు ఫోను తడబడుతుంటే అప్పుడు లోటు ర్యామ్‌ది. ర్యామ్‌ను తరువాత పెంచలేము, మెమరీ కార్డు దానికి బదులు కాదు. నిల్వలో కొంత భాగాన్ని ర్యామ్‌గా వాడే సదుపాయం కొన్ని ఫోన్లలో ఉంటుంది. చవక ఫోన్లలో ఆ నిల్వే నెమ్మదిగా నడిచేది కనుక ప్రయోజనం స్వల్పం, నిల్వ మాత్రం తరుగుతుంది. అంతకంటే పెద్ద యాప్‌లకు బదులు వాటి లైట్ రూపాలు వాడటం, అరుదైన పనులకు యాప్ వేయకుండా బ్రౌజర్‌లోనే వెబ్‌సైట్ తెరవడం మేలు. పాత మెమరీ కార్డు ఉంటే దాన్ని తీసి ఒకరోజు చూడండి. చెడుతున్న కార్డు ఫోను మొత్తాన్నీ ఆపగలదు.

చివరి ఉపాయం ఫ్యాక్టరీ రీసెట్. ఇది ఫోనులోని సమస్తాన్నీ తుడిచివేస్తుంది. చేయడానికి ముందు ఫొటోలు, ఫోను నంబర్లు, వాట్సాప్ బ్యాకప్ చూసుకోవాలి. ఫోనులో ఉన్న గూగుల్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచాలి. దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన రక్షణ వల్ల రీసెట్ తరువాత పాత ఖాతానే ఫోను అడగవచ్చు. ఫోను కొన్నప్పుడు దుకాణంలో ఎవరో తెరిచి ఇచ్చిన ఖాతా అయితే దాని యజమానికి కూడా అది గుర్తుండదు. బ్యాంకు, చెల్లింపు యాప్‌లన్నీ సిమ్ ఉన్న ఫోను నుంచే తిరిగి నమోదు చేసుకోవలసి ఉంటుంది కనుక జీతం వచ్చే రోజునో, ఫీజు గడువు రోజునో ఈ పని పెట్టుకోవద్దు. మనం ఊహించుకున్న ఇంట్లో ముగ్గురి పనులూ ఒకే ఫోను మీద ఉన్నాయి. ముగ్గురూ కూర్చుని చేయవలసిన పని ఇది.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే 'అబౌట్ ఫోన్'లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఎప్పటిదో పాతదై, కొత్త అప్‌డేట్ రావడం తయారీదారు ఆపివేసి ఉంటే, ఆ ఫోనుతో డబ్బు లావాదేవీలు చేయడం క్షేమం కాదు. అప్పుడు కొత్తది కొనడం దుబారా కాదు. కొనేటప్పుడు కెమెరా అంకెల కంటే ర్యామ్, నిల్వ, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారన్న హామీ అడగండి. పాతదాన్ని రీసెట్ చేసి, సిమ్, కార్డు తీసి, ఈ-వ్యర్థాలు తీసుకునే నమోదిత సేకరణ కేంద్రానికి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం వాటిని శుద్ధిచేయించే బాధ్యత తయారీదారులది. ఇంటి చెత్తబండిలో మాత్రం వేయవద్దు. లోపలి బ్యాటరీ నలిగితే బండిలోనే మంట లేస్తుంది.